విల్లు రాస్తే వచ్చేది కాదు బిరుదు

అమ్మాయ్,

ఓడతో పాటు మునిగిపోయిన టిచ్‌బోర్న్ వారసుడు రోజర్‌ని నేనే అంటూ వచ్చిన మనిషి మీద నువ్వు రాస్తున్న నవల మొదటి భాగం నిన్న రాత్రి పూర్తిచేశాను. ప్యారిస్ హోటల్లో ముసలి తల్లి మంచం దగ్గరకు వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న ఆ లావుపాటి మనిషిని చూసి నా రోజరే అని నమ్మేసే చోట నాకు గొంతు పట్టేసింది. ఆ అధ్యాయంలో ఒక్క ముక్క మార్చకు. కానీ దానికి ముందు నువ్వు చేసిన పనికి వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లోని టిచ్‌బోర్న్ వంశానికి బారొనెట్ అని, పేరు ముందు సర్ తగిలించే వంశపారంపర్య బిరుదు ఉండేది. ఆ వంశంలో ఎనిమిదో బారొనెట్ సర్ హెన్రీ 1845లో పోయాడు. ఏడుగురు కూతుళ్లు, కొడుకులు లేరు. నీ నవలలో ఆయన తమ్ముడు ఎడ్వర్డ్ రాత్రికి రాత్రి దొంగ విల్లు పుట్టించి, పెద్దకూతురికి రావలసిన బిరుదు కొట్టేస్తాడు. ఎందుకమ్మా ఇలా చేశావు? ఎడ్వర్డ్ నిజంగా బతికిన మనిషి, చేయని నేరం ఆయన నెత్తిన పెట్టావు, అది ఒక తప్పు. దానికంటే పెద్ద తప్పు, ఆ బిరుదు విల్లు రాస్తే వచ్చేదీ కాదు, విల్లు రాస్తే పోయేదీ కాదు.

మొదటి జేమ్స్ రాజు 1611లో ఈ బారొనెట్ పద్ధతి పెట్టింది డబ్బు కోసమే. ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో ముప్ఫై మంది సైనికులను మూడేళ్లు పోషించే ఖర్చు, 1095 పౌండ్లు, కట్టగలిగిన భూస్వాములకు బిరుదు. హాంప్‌షైర్‌లోని టిచ్‌బోర్న్‌లకు 1621లో వచ్చింది. అలా డబ్బుతో మొదలైన బిరుదును ఒకసారి రాజముద్ర పడ్డాక ఎవడూ అమ్మలేడు, దానం చేయలేడు, ఇష్టమైన వాళ్లకు రాసివ్వలేడు. మొదట బిరుదు పొందిన మనిషి నుంచి ధర్మబద్ధమైన పెళ్లికి పుట్టిన మగసంతానానికే, మగవాళ్ల వరసలోనే పోవాలని ఆ పత్రంలో ఉంటుంది. హెన్రీ కళ్లు మూసిన క్షణంలో ఎడ్వర్డ్ బారొనెట్ అయిపోయాడు. విల్లు అక్కర్లేదు, కుట్ర అక్కర్లేదు, ఆయనకు ఇష్టం ఉందో లేదో అడిగేవాడు కూడా లేడు. అన్నకూతుళ్లను ఆయన ప్రాణంగా చూసుకున్నా సరే, ఇది మా పెద్దమ్మాయికి ఇవ్వండి అనే దారి ఆయనకు లేదు.

అంత భయంకరమైన సంగతి చేతిలో ఉంటే నువ్వు పోయి ఒక దొంగను తెచ్చిపెట్టుకున్నావు. దొంగ ఉంటే పాఠకుడు వాడిని తిట్టుకుని నిద్రపోతాడు. తిట్టడానికి మనిషి దొరకనప్పుడు కదా నిద్ర పట్టంది!

పోనీ ఎడ్వర్డ్ కథ చివరిదాకా చూశావా? ఆయన కొడుకు చిన్నతనంలోనే పోయాడు, మిగిలింది కూతురు కేథరిన్ ఒక్కతే. అన్న కూతుళ్లను దాటి తన దగ్గరకు వచ్చిన బిరుదు, 1853లో తన కూతురిని కూడా అలాగే దాటి తమ్ముడు జేమ్స్ దగ్గరకు వెళ్లిపోయింది. ఆ కేథరిన్నే కదా రోజర్ ప్రేమించింది. జేమ్స్ పెద్దకొడుకు రోజర్ ఆ ఏడాదే దక్షిణ అమెరికాకు ఓడ ఎక్కాడు, 1854 ఏప్రిల్లో రియో డి జనీరో నుంచి బయల్దేరిన బెల్లా అనే ఓడతో పాటు సముద్రంలో కలిసిపోయాడు. ఇదంతా నువ్వు ఒక్క పేరాలో దాటేశావు, దొంగ విల్లుకు మాత్రం పద్దెనిమిది పేజీలు!

విలన్ లేనిదే కథ నిలవదని నూరిపోసే ఎడిటర్లు నాకూ తగిలారు. నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాసి బతికిన వాణ్ణి, అది నీకు తెలుసు. 1984లో ప్రభుత్వం కరణాల వ్యవస్థ రద్దు చేసినప్పుడు, తాతల నాటి లెక్కల పుస్తకాలు బస్తాల్లో కట్టి అప్పగించిన ఒక కుటుంబం మీద పెద్దకథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ పిలిపించి, ఈ కాగితాల గోలంతా తీసేసి కళ్లంలో ఒక హత్య పెట్టు, వచ్చే వారమే వేస్తాను అన్నాడు. నాకు అప్పుడు ఆ డబ్బు చాలా అవసరం, ఇంట్లో అమ్మాయి ఫీజు కట్టాలి. అయినా కథ తీసుకుని వచ్చేశాను. అది ట్రంకు పెట్టెలో ఏళ్లపాటు ఉండిపోయింది. తర్వాత ఒక చిన్న పత్రికవాళ్లు ఒక్క వాక్యం కొట్టేయకుండా వేస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఆ బస్తాలు కట్టిన పేజీ గురించే. ఇప్పటి వాళ్లు చివర్లో ట్విస్ట్ అంటున్నారు, పేరు మారింది గానీ అడుగుతున్నది ఆ హత్యనే.

నాలుగో అధ్యాయంలో ఇంకో దెబ్బ తగిలింది. లాయరు ఆ తల్లితో, పోనీ ఇతన్ని దత్తత తీసుకోండమ్మా, బిరుదు వస్తుంది అంటాడు. ఇది మన జమీందారీల ఆలోచన. మన దగ్గర కొడుకు లేని రాజా దత్తత తీసుకోవడం మామూలే, పిఠాపురం దత్తపుత్రుడి దావా అయితే అప్పట్లో మన దావాలకు ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఇంగ్లండ్‌లో 1926 దాకా దత్తతకు చట్టమే లేదు, ఇప్పటికీ దత్తత బిడ్డకు బారొనెట్ బిరుదు రాదు. అదే ప్రివీ కౌన్సిల్ 2016లో స్కాట్లాండ్‌కు చెందిన ప్రింగిల్ వంశం బిరుదు ఎవరిదో డీఎన్‌ఏ సాక్ష్యం చూసి తేల్చింది. నువ్వు ఇంగ్లండ్‌లోనే ఉంటున్నావు కదా, ఒక్కసారి లైబ్రరీకి వెళ్లి ఉంటే ఈ వాక్యం నీ కలం నుంచి వచ్చేది కాదు.

దత్తతకు దారి లేదు కాబట్టే ఆస్ట్రేలియాలో వాగా వాగా నుంచి వచ్చి ప్యారిస్ హోటల్లో పడుకున్న ఆ కసాయి, సాక్షాత్తు రోజర్ అయి తీరాలి. తల్లి ప్రేమించినంత మాత్రాన చాలదు. ఆమె అతనికి ఏడాదికి వెయ్యి పౌండ్లు ఇవ్వగలిగింది, బిరుదు మాత్రం ఇవ్వలేదు. 1868లో ఆమె చనిపోయాక ఆ నమ్మకానికి వారసుడు కూడా లేడు. తర్వాత అతను కోర్టులో వేసింది బిరుదు దావా అనుకుంటున్నావు, అదీ కాదు. టిచ్‌బోర్న్‌ల ఇంట్లో అద్దెకున్న కల్నల్ లషింగ్టన్ మీద, ఇల్లు ఖాళీ చేయమని వేసిన దావా అది! దస్తావేజులు రాసిన వాడిగా చెబుతున్నాను, ఆ ఒక్క విషయం మీదే ఒక అధ్యాయం నడుస్తుంది. 102 రోజుల విచారణలో రోజర్‌కు వచ్చిన ఫ్రెంచి ఇతనికి ఎందుకు రాదు, స్కూల్లో ఉన్నప్పుడు రోజర్ చేతి మీద నేనే పచ్చబొట్టు వేశాను, ఇతని చేతి మీద అది ఏది అని లార్డ్ బెల్యూ చెప్పడం, ఇవన్నీ వచ్చాయి. ఆ పైన 188 రోజుల క్రిమినల్ విచారణ నడిచి, నువ్వు లండన్‌లోని వాపింగ్ కసాయి కొడుకు ఆర్థర్ ఓర్టన్‌వి అని 1874లో పద్నాలుగేళ్ల శిక్ష వేశారు.

ఇంకొకటి. రోజర్ తమ్ముడు ఆల్ఫ్రెడ్, పదకొండో బారొనెట్, 1866 ఫిబ్రవరిలో చనిపోయేసరికి భార్య కడుపుతో ఉంది. ఆడపిల్ల పుడితే బిరుదు ఆ బిడ్డను కూడా దాటిపోతుంది. మే నెలలో మగపిల్లాడు పుట్టి పన్నెండో బారొనెట్ అయ్యాడు. ఆ మూడు నెలలు ఆమె ఆ ఇంట్లో ఎలా బతికింది? నీ నవలలో ఆమెకు ఒక్క సీను లేదు.

బోగుల్‌కూ లేదు. ఎడ్వర్డ్ జమైకా నుంచి తెచ్చుకున్న నల్లజాతి నౌకరు, ఆ కుటుంబం ఇచ్చే పింఛను మీద బతుకుతున్నవాడు. వచ్చినవాడు రోజరే అని అన్నందుకు ఆ పింఛను పోగొట్టుకున్నాడు, అయినా కోర్టులో మాట మార్చలేదు. అతన్ని రెండు వాక్యాల్లో టీ కప్పులు మోయించి పంపేశావు. నాకు బాధేసింది.

మేబెల్లా శాపం ఉంచు. ఊరివాళ్లకు ఏటా పిండి పంచడం కోసం చావుబతుకుల్లో మండుతున్న కొరివి పట్టుకుని ఇరవై మూడు ఎకరాలు పాకిన ఆ పాతకాలపు టిచ్‌బోర్న్ ఇల్లాలు, ఆ పిండి ఆపితే ఏడుగురు కొడుకుల తరం తర్వాత ఏడుగురు కూతుళ్ల తరం వస్తుందని, వంశం పేరు పోతుందని అన్నదట. 1796లో పంపకం ఆపారు, ఏడుగురు కొడుకుల తర్వాత ఏడుగురు కూతుళ్లూ పుట్టారు. కానీ దెయ్యం చేతికి కథ ఇవ్వకు. కూతుళ్లు పుడితే పేరు పోతుందన్నది ఆమె శాపంలో ఎంత ఉందో రాజుగారి పత్రంలోనూ అంతే ఉంది. పద్నాలుగో బారొనెట్ సర్ ఆంటొనీ 1968లో పోయాడు, కూతుళ్లున్నారు, బిరుదు అక్కడితో ఆగిపోయింది. పిండి మాత్రం ఇప్పటికీ మార్చి 25న పంచుతున్నారు.

పబ్లిషర్ల గురించి, పేరు మార్చుకోవడం గురించి అడిగావు, అవన్నీ తర్వాత చూద్దాం. ముందు ఆ దొంగ విల్లు చింపేసి, రెండో అధ్యాయం ఎడ్వర్డ్ మనసులోంచి రాసి పంపు. లాయరు దత్తత మాట కూడా కొట్టేయ్. వీలైతే ఈ మార్చి 25న టిచ్‌బోర్న్ ఊరికి వెళ్లి, పిండి తీసుకునేవాళ్ల వరసలో నిలబడ్డవాళ్లతో కాసేపు మాట్లాడు, వాళ్లేమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు