గని నీళ్లకు సున్నం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ఇల్లందు, మా తాతయ్య బొగ్గుబాయిలో పనిచేశాడు. గని నీళ్ల కాలుష్యం మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. మేఘాలయలోని జైంతియా కొండల్లో గని నీళ్లు ఆమ్లంగా మారి నదులు పాడయ్యాయని చదివాను. మా బాయిల నీళ్లూ అంతేనా? ఆమ్లమైతే సున్నం కలిపితే పోతుంది, ఇంకా పరిశోధించడానికి ఏముందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. గైడ్‌కు టాపిక్ చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, ఇల్లందు

జవాబు: అమ్మా, నీ ఫ్రెండ్స్ అన్న మాట ముప్పై ఏళ్ల కిందట నేనూ అన్నాను. అప్పుడు కాలేజీ ల్యాబ్‌లో అన్నభేదిని, అంటే ఫెరస్ సల్ఫేటును, నీళ్లలో కరిగించి, కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి గని నీళ్లలాంటివి తయారుచేశాను. సున్నపురాయి ముక్కలు నింపిన ప్లాస్టిక్ పైపులోంచి వాటిని సన్నగా వదిలాను. మొదట్లో పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 3 నుంచి 6 దాకా పెరిగింది. మూడో వారానికి మళ్లీ 4 దగ్గరికి దిగింది. పైపు కోసి చూస్తే ముక్క ముక్క మీదా తుప్పు రంగు పొర. గోటితో గీకితే లోపల రాయి చెక్కుచెదరలేదు. నీళ్లలోని ఇనుము గాలి తగిలి పొరగా పేరుకుంది, ఇక ఆమ్లం రాయిని చేరలేదు.

ఈ చిక్కు తప్పించడానికే సున్నపురాయిని గాలి తగలకుండా మట్టి కింద కాలువలో పూడ్చి, నీళ్లు బయటికొచ్చాక చెరువులో గాలికి వదిలి ఇనుమును అడుక్కి దించే పద్ధతి ఉంది. నీళ్లలో ముందే ఫెర్రిక్ ఇనుమో (అంటే ఆక్సిజన్ తగిలి మారిపోయిన ఇనుము) అల్యూమినియమో ఉంటే ఆ కాలువ కూడా పూడిపోతుంది. ఇక కాల్చిన సున్నం కలిపితే పని జరుగుతుంది, కాదనను. కానీ గని మూతపడ్డా ఏళ్ల తరబడి రోజూ కలుపుతూనే ఉండాలి. లోహాలతో నిండిన బురద మిగులుతుంది, దాన్ని ఎక్కడ పోయాలి? మాంగనీసు పోవాలంటే పీహెచ్ 9 దాటించాలి. సల్ఫేటు చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది.

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడింది, పంపులు ఆగాయి. 1992 జనవరిలో లోపల నిండిన నీళ్లు ఒక్కసారిగా బయటపడి కార్నన్ నదిని నారింజ రంగులోకి మార్చేశాయి. ఆ తర్వాత అక్కడే రెల్లు మడులు, గాలి అందని గుంటలు, రాళ్ల పడకలు కట్టి ప్రయోగాలు చేశారు. ఎంతో తెలిసింది. అయినా అంత నీటిని శుద్ధి చేయడానికి 2000లో సున్నం ప్లాంటే కట్టాల్సి వచ్చింది.

అందుకే నన్నడిగితే, నీళ్లకంటే ముందు రాయిని చూడు. ఆమ్లానికి మూలం పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తవ్వినప్పుడు దానికి గాలీ నీళ్లూ తగిలి ఆమ్లం పుడుతుంది, బ్యాక్టీరియా ఆ పనిని వేగంగా నడిపిస్తుంది. జైంతియా బొగ్గు సముద్రం ప్రభావం ఉన్న చోట ఏర్పడింది కాబట్టి గంధకం ఎక్కువ, 2 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. మన గోదావరి లోయ బొగ్గు మంచినీటి పరీవాహకంలో పుట్టిన గోండ్వానా బొగ్గు, గంధకం సాధారణంగా 1 శాతం లోపే. అందుకే మీ బాయిల నీళ్లలో ఆమ్లం కంటే బొగ్గు నుసి, కాఠిన్యం, సల్ఫేటు ముందుగా చూడాలి. అయితే పొర పొరకూ తేడా ఉంటుంది, పరీక్షించకుండా ఏదీ రాసేయకు.

టాపిక్‌గా ఓబీ (ఓవర్‌బర్డెన్) రాయిని, అంటే బొగ్గు కోసం తవ్వి తీసేసే పై రాయిని తీసుకో. లెక్క సులువే. టన్ను రాయిలో పైరైట్ రూపంలో 1 శాతం గంధకం ఉంటే, దాని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి 31.25 కిలోల సున్నపురాయి కావాలి. ఆ రాయిలోనే అంత కార్బొనేటు, అంటే సున్నపురాయిలా ఆమ్లాన్ని తటస్థం చేసే పదార్థం, ఉందో లేదో ల్యాబ్‌లో తేల్చవచ్చు. లేకపోతే ఆ రాయిని గుట్టగా పోయకముందే నీళ్ల కిందో, బంకమట్టి కిందో దాచాలని చెప్పగలవు. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటే, లీటరు నీళ్లలో కరిగేది సుమారు 8 మిల్లీగ్రాములే. నీళ్ల కింద పైరైట్ నెమ్మదించేది అందుకే. గని మొదలయ్యే ముందే ఈ లెక్క చేసిన ఊరికి మిగిలే వాగు ఎంత విలువైనదో నేను మాటల్లో చెప్పలేను.

నీళ్ల నమూనా తీసేటప్పుడు పీహెచ్ అక్కడికక్కడే కొలువు, ల్యాబ్‌కు తెచ్చేసరికి ఇనుము గాలి పీల్చి అంకె మారిపోతుంది. రెండు సీసాలు నింపు. వడపోసి నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసిన సీసా లోహాలకు, ఏమీ కలపనిది సల్ఫేటుకు. అనుమతి తీసుకుని, బయటి గట్టు మీద నుంచే తీసుకో. పాత బాయిలోకి మాత్రం ఒక్క అడుగు కూడా దిగొద్దు తల్లీ. 2018 డిసెంబరులో జైంతియా కొండల్లో గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 15 మంది లోపలే చిక్కుకుపోయారు.