మలావీలోని బ్లాంటైర్ వెళ్తున్న మా అక్క కూతురికి

బంగారం,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గంట మాట్లాడితే అందులో సగం ఏడుపే. ఇంగ్లండ్‌లో పీడియాట్రిక్స్ ట్రైనింగ్ హాయిగా సాగుతుంటే మధ్యలో ఆపి ఏడాదిపాటు ఆఫ్రికాలో మలావీ వెళ్లడమేంటి, నీ పిచ్చి దానికీ అంటించావు అని నన్నే తిట్టింది. నువ్వు వెళ్లాలనుకోవడం నాకు నిజంగా సంతోషం. కానీ 2013లో నేను అక్కడ ఒక జిల్లా ఆస్పత్రి పిల్లల వార్డులో 11 నెలలు పనిచేసినప్పుడు, ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా అనిపించిన సంగతులు చాలా ఉన్నాయి. అవే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఒక్క సంగతి కనుక్కో. నిన్ను రమ్మన్నది ఎవరు? మీ ఆస్పత్రి ట్రస్ట్ వాళ్లు ఏటా ఒకరిని పంపించే అలవాటు ఉంది కాబట్టి పంపిస్తున్నారా, లేక అక్కడి డిపార్ట్‌మెంట్ వాళ్లే మాకు పిల్లల డాక్టర్ కావాలి, ఫలానా పనికి కావాలి అని అడిగారా? అడిగి పిలిపించుకున్న చోట రోస్టర్‌లో నీ పేరుంటుంది, నీ పైన ఒక సీనియర్ ఉంటారు, తప్పు చేస్తే చెప్పే మనిషి ఉంటారు. అడక్కుండా వెళ్లిన చోట నువ్వు చుట్టానివి. వార్డు చూపించడానికి, తల్లులు చెప్పింది నీకు ఇంగ్లిష్‌లో చెప్పడానికి, ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకరు పని మానుకుని నీ వెనక తిరగాలి, అప్పుడు మిగిలిన నర్సు మీద అరవై మంది పిల్లలు పడతారు. అక్కడి కన్సల్టెంట్‌తో ఇప్పుడే ఒకసారి ఫోన్‌లో మాట్లాడు. నేను వచ్చి చేసే పని ప్రస్తుతం ఎవరు చేస్తున్నారు, నేను వెళ్లిపోయాక ఎవరు చేస్తారు అని అడుగు. రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ పని ఒప్పుకోకు, వేరే పని అడుగు.

మూడు నెలలకంటే తక్కువైతే అసలు వెళ్లొద్దనే దాన్ని, నీది ఏడాది కాబట్టి ఆ బాధ లేదు. మొదటి నెలంతా మందులు ఏ బీరువాలో ఉంటాయి, ల్యాబ్ ఎన్నింటికి మూస్తారు, రక్తం కావాలంటే ఎవరి తలుపు కొట్టాలి, వీటికే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. నాకు జరిగింది చెప్తాను.

నేను మన ప్రభుత్వ ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ చేసినదాన్ని. మంచానికి ఇద్దరు పిల్లలు, సెలైన్ సీసాలు లెక్కపెట్టుకుని వాడటం, కరెంటు పోతే టార్చ్ పట్టుకుని కాన్యులా పెట్టడం, ఇవన్నీ చూసే ఇంగ్లండ్ వచ్చాను. అందుకని మలావీ వెళ్లేటప్పుడు నాతో వచ్చిన తెల్ల డాక్టర్ల కంటే నాకు బాగా తెలుసనే ధీమా ఉండేది. నీకూ ఆ ధీమా ఉంటుంది, ఉండటం సహజం, కానీ అదే ప్రమాదం. రెండో వారంలో ఒక సాయంత్రం మూడేళ్ల పాపని తీసుకొచ్చారు. జ్వరం, ఎగశ్వాస, చేతులు చల్లగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పడుతోంది. షాక్, అంటే ఒంట్లో రక్తప్రసరణ సరిపోని స్థితి. నా చెయ్యి దానంతటదే సెలైన్ మీదకి వెళ్లింది, కిలోకి 20 మిల్లీలీటర్లు, త్వరగా ఎక్కించండి అన్నాను. అక్కడ ఉన్న క్లినికల్ ఆఫీసర్, ఆయనకి అప్పటికి ఆ వార్డులో తొమ్మిదేళ్ల అనుభవం, ఏమీ వాదించలేదు. పాప కింది కనురెప్ప వేలితో కిందికి లాగి టార్చ్ వేసి నాకు చూపించాడు. కాగితంలా తెల్లగా ఉంది. "డాక్టర్, రక్తం కోసం పంపిద్దామా" అన్నాడు, అంతే. హిమోగ్లోబిన్ మూడే, ఒంట్లో రక్తం అంత తక్కువ. మలేరియా. ఆ సెలైన్ అంత వేగంగా ఎక్కించి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకోలేను. పాప మేనమామ రక్తం ఇచ్చాడు, మలేరియాకి ఇంజెక్షన్ ఆర్టిసునేట్ మొదలుపెట్టాం, మర్నాడు మధ్యాహ్నానికి వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని గంజి తాగింది.

నాకు తెలియక చేయలేదమ్మా, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2011లో వచ్చిన ఫీస్ట్ పరిశోధన అప్పటికే చదివాను, జర్నల్ క్లబ్‌లో దాని మీద మాట్లాడాను కూడా. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ సరిగా లేక వచ్చిన మూడు వేల మందికి పైగా పిల్లల మీద చేశారు. వేగంగా ఫ్లూయిడ్ ఎక్కించని పిల్లల్లో 48 గంటల్లోపు నూటికి 7 మంది చనిపోతే, ఎక్కించినవాళ్లలో 10 మందికి పైగా చనిపోయారు. ఐసీయూ, వెంటిలేటర్ పక్కనే ఉన్న చోట మంచిదనుకున్న అలవాటు, అవి లేని చోట ప్రాణం తీసింది. విరేచనాలతో ఎండిపోయిన పిల్లల్ని ఆ పరిశోధనలో కలపలేదు, వాళ్లకి ఫ్లూయిడ్ ఇవ్వాల్సిందే, ఈ తేడా మర్చిపోకు. చదివింది బుర్రలో ఉన్నా చేతులు మాత్రం పాత అలవాటు ప్రకారమే పోతాయి. కాబట్టి మొదటి రెండు వారాలు ఎంత రమ్మన్నా ఒంటరిగా నైట్ డ్యూటీ ఒప్పుకోకు. క్లినికల్ ఆఫీసర్ల పక్కన నిలబడి చూడు. వాళ్లది ఎంబీబీఎస్ కాదు, మూడేళ్ల డిప్లొమా, అయినా ఆ దేశంలో జిల్లా ఆస్పత్రుల్లో సిజేరియన్లు ఎక్కువ భాగం చేసేది వాళ్లే. వాళ్ల ముందు మన డిగ్రీల గురించి మాట్లాడకు.

ఇంకో మాట, నువ్వు వెళ్తున్న ఊరు మనం నేర్పించడానికి ఖాళీగా ఎదురుచూస్తున్న ఊరేం కాదు. ఇంకా మాటలు రాని పిల్లలకి, మెదడుని దెబ్బతీసే సెరిబ్రల్ మలేరియాలో స్పృహ ఎంత ఉందో కొలిచే బ్లాంటైర్ కోమా స్కేల్ అక్కడిదే, పేరులోనే ఉంది కదా, 1989లో వచ్చింది, మొత్తం 5 మార్కులు. అది వెళ్లకముందే కంఠతా పట్టు. క్యూలో కూర్చున్న వంద మంది పిల్లల్లో ముందు ఎవరిని చూడాలో చెప్పే డబ్ల్యూహెచ్ఓ ఈటాట్ శిక్షణకి ఆకారం ఇచ్చినవాళ్లలో అక్కడి క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ పిల్లల డాక్టర్లు ముఖ్యులు.

కరెంటు గురించి చెప్పాలి. మా వార్డులో గాలిలోంచి ఆక్సిజన్ తీసే కరెంటు మెషీన్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఒకటుండేది, నిమిషానికి 5 లీటర్లు, దానికి స్ప్లిటర్ పెట్టి నలుగురు పిల్లలకి ఇచ్చేవాళ్లం. దాని గురగుర శబ్దం అలవాటైపోతుంది, వినపడదు. ఒక రాత్రి అది ఆగిపోయింది. ఏమైందో నాకు అర్థమయ్యేలోపే నర్సమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కిటికీ ఊచకి గాజుగుడ్డ పీలికతో కట్టి ఒక స్పానర్ వేలాడుతోంది, సిలిండర్ తిప్పేది. రోజూ అది నా కళ్ల ముందే ఉంది, ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు. ఆమె చీకట్లోనే సిలిండర్ తెరిచి, అందరికంటే ఆయాసం ఎక్కువున్న ఇద్దరికి గొట్టాలు మార్చింది. మిగిలిన ఇద్దరి తల్లులు ఒంటికి చుట్టుకునే చితెంజె గుడ్డల్లో పిల్లల్ని గుండెకి ఆనించుకుని నిటారుగా కూర్చున్నారు. ఏ ఇద్దరికి అన్నది ఆమె ఎలా తేల్చుకుందో తర్వాత అడిగి తెలుసుకున్నాను. నువ్వు వెళ్లిన మొదటి రోజే సిలిండర్ ఎక్కడ, స్పానర్ ఎక్కడ, అందులో ఎంత మిగిలిందో ఎవరు చూస్తారు అని అడుగు.

ఇంగ్లండ్ నుంచి మెషీన్లు మోసుకెళ్లాలని అనుకుంటావు. వాళ్లు అడిగితే తప్ప తీసుకెళ్లకు. మా ఆస్పత్రి వెనక గదిలో దుమ్ము పట్టినవి వరసగా ఉండేవి: 110 వోల్టుల దేశం నుంచి వచ్చి మొదటి రోజే కాలిపోయిన వార్మర్, గొట్టాలు దొరక్క పక్కన పెట్టిన వెంటిలేటర్. బీద దేశాల ఆస్పత్రుల్లో ఉన్న పరికరాల్లో నూటికి 40 దాకా పనిచేయడం లేదని 2011లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఇవ్వాలనే ఉంటే అక్కడి బయోమెడికల్ టెక్నీషియన్‌ని అడుగు, ఏ స్పేర్ పార్ట్ కావాలో ఆయనే చెప్తాడు. వర్క్‌షాపుల విషయంలోనూ అంతే. హోటల్లో రెండు రోజుల ట్రైనింగ్ అంటే భత్యం కోసం నర్సులు వస్తారు, వాళ్ల జీతాలు అలాంటివి కాబట్టి తప్పు పట్టలేం, కానీ ఆ రెండు రోజులు వార్డు ఖాళీ. మంచం పక్కన రోజుకి పది నిమిషాలు చెప్పు, చాలు.

నా మనసులో ఇప్పటికీ మెలిపెట్టే విషయం ఒకటుంది. ఎక్స్చేంజ్ అన్నారు, కానీ మా ప్రోగ్రాంలో ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లం ఏడుగురం, అక్కణ్ణుంచి వచ్చింది ఒక్కరు. ఆ నర్సమ్మకి వీసా రెండుసార్లు తిప్పికొట్టారు. చివరికి వచ్చాక ఆరు వారాలూ గోడకి ఆనుకుని చూడటమే, ముట్టుకోనివ్వలేదు. మీ ప్రోగ్రాం వాళ్లని ఈ మాట సూటిగా అడుగు, మొహమాటపడకు: అక్కణ్ణుంచి ఎవరు వస్తున్నారు, వస్తే ఏం చేయనిస్తారు? మన దేశం నుంచి ఎంతోమంది డాక్టర్లు ఎంటీఐ అనే శిక్షణ పద్ధతిలో రెండేళ్లు ఇక్కడ చేతులతో పనిచేసి వెనక్కి వెళ్తున్నారు కదా, అలాంటి దారి అక్కడివాళ్లకీ ఉందో లేదో చూడమను. అదే సమయంలో, నువ్వు తర్ఫీదిచ్చిన నర్సుకి ఇక్కడ ఉద్యోగం ఆశ పెట్టకు. ఆరోగ్య సిబ్బంది మరీ తక్కువగా ఉన్నారని డబ్ల్యూహెచ్ఓ 2023లో 55 దేశాల జాబితా ఇచ్చింది, మలావీ అందులో ఉంది. వాళ్లంతట వాళ్లు రావాలనుకుంటే అది వాళ్ల హక్కు, మనం గాలం వెయ్యకూడదు.

నీ ఒంటి సంగతి. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే పెప్ మందుల స్టార్టర్ ప్యాక్ నీ సంచిలో ఉండాలి. సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. నాకు ఒకసారి గుచ్చుకుంది, రెండు గంటల్లో మొదటి డోసు వేసుకున్నాను, ఆ నెలంతా వాంతులు, టెన్షన్, మీ బాబాయికి కూడా చెప్పలేదు. నువ్వు అలా దాచుకోకు, నాకు ఫోన్ చెయ్. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని నాకు మలేరియా ఏం చేస్తుందిలే అనుకోకు, మాత్రలు మానకు, దోమతెర కింద పడుకో. మలావీ సరస్సు చూడటానికి చాలా బాగుంటుంది, దిగితే బిల్హార్జియా, నీళ్లలోని పురుగుల వల్ల వచ్చే జబ్బు, కాబట్టి దిగినట్టయితే తిరిగొచ్చాక పరీక్ష చేయించుకో. నేరుగా ఇండియా వచ్చే ఆలోచన ఉంటే, దారిలో ఇథియోపియాలోనో కెన్యాలోనో ఆగి వస్తే ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ అది చెల్లదు, అందుకని బయల్దేరే ముందే వేయించుకో.

తిండికి ఇబ్బంది లేదు. న్సీమా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటే అనుకో, ఆకుకూరతో తింటే కడుపు నిండుతుంది. అక్కడి భాష చిచేవా నాలుగు ముక్కలైనా నేర్చుకుని వెళ్లు. "ములి బ్వాంజి", అంటే ఎలా ఉన్నారు అని పలకరించకుండా కేసు షీటు అందుకోకు, అక్కడ అది చాలా పెద్ద అమర్యాద. పిల్లల ఫొటోలు తీయకు. వాళ్లమ్మ సరేనన్నా తీయకు, నువ్వు ఆమె బిడ్డకి మందు ఇచ్చే మనిషివి, ఆమె కాదనలేదు.

పిల్లలు చనిపోతారు, తల్లీ. వానాకాలంలో, అంటే మనకి సంక్రాంతి ఉన్న రోజుల్లో, మలేరియా ముదిరి ఒక్క రాత్రిలోనే ఇద్దరు ముగ్గురు పోయేవాళ్లు. ఇంగ్లండ్‌లో బతికేవాళ్లన్న లెక్క మనసులో వేసుకుంటూనే ఉంటావు. అప్పుడు గదికి వెళ్లి ఒక్కదానివే తలుపేసుకోకు. అక్కడి నర్సులతో కూర్చో, వాళ్లు ఏళ్ల తరబడి మోస్తున్నారు, ఎలా మోస్తున్నారో వాళ్లకే తెలుసు. నాకు మా వార్డు నర్సమ్మ ఒక కప్పు టీ ఇచ్చి పక్కన కూర్చునేది, ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు, తర్వాత లేచి మళ్లీ రౌండ్‌కి వెళ్లేవాళ్లం.

మీ అమ్మతో ఆదివారం నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్. నువ్వు మలావీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇక్కడి మెడికల్ కౌన్సిల్ జీఎంసీ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ ఈ వారమే మొదలుపెట్టు, అన్నిటికంటే ఆలస్యమయ్యేవి అవే. అవి చేతికి రాకుండా టికెట్ కొనకు.

ప్రేమతో,
పిన్ని