హైదరాబాద్ ఫ్లాట్ అమ్ముతున్నారా? పెయింట్ కంటే ముందు పన్ను సంగతి చూడండి

"అక్కా, మియాపూర్‌లో మా ఫ్లాట్ అమ్మకానికి పెడుతున్నాం. పెయింటింగ్, కొత్త మాడ్యులర్ కిచెన్ కలిపి ఏడెనిమిది లక్షలు పెడితే రేటు బాగా వస్తుందని బ్రోకర్ అంటున్నాడు. పెట్టమంటారా?" అని ఈమధ్యే అమెరికా వచ్చిన ఒకరు అడిగారు.

వద్దు. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఫ్లాట్ కొన్నప్పటి కాగితాలు ఎక్కడున్నాయో ముందు అది చూడండి.

మేము 2018లో నిజాంపేట ఫ్లాట్ అమ్మాం. ఇక్కడ డాలస్‌లో ఇల్లు కొనడానికి డౌన్ పేమెంట్ అదే. మా మరిది దగ్గరుండి ఎండాకాలంలో ఇల్లంతా పెయింట్ వేయించాడు, హాల్లో ఫాల్స్ సీలింగ్ పెట్టించాడు. ఫోటోల్లో కొత్త ఇల్లులా ఉంది. తీరా వానలు మొదలయ్యాక పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి నెమ్ము దిగి, చిన్న బెడ్రూమ్ గోడ పొక్కులు లేచింది, పెయింట్ అట్టలు కట్టి ఊడొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫాల్స్ సీలింగ్ గురించి ఒక్క మాట అడగలేదు. ఒకావిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి, సింకు కింద తలుపు తీసి, అడుగు చెక్కని బొటనవేలితో నొక్కి చూసిందట. చెమ్మకి ఉబ్బిన ప్లైవుడ్ కదా, వేలు లోపలికి దిగింది. తలుపు మూసి, "మళ్ళీ ఫోన్ చేస్తాం" అని వెళ్ళిపోయారు. చివరికి పై వాళ్ళని బతిమాలి, వాళ్ళ బాత్రూమ్ నేల తవ్వించి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే గానీ గోడ ఆరలేదు. పెయింట్ ఖర్చు రెండోసారి పడింది.

అందుకని మీరు ఖర్చు పెట్టాల్సింది నీళ్ళు కారే చోట. కారే కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, టైల్స్ మధ్య సందులు బాగు చేయించండి. బోరు నీళ్ళకి కుళాయిల మీద పేరుకున్న తెల్ల పొర గీకించండి. ఇల్లు తాళం వేసి ఉందంటే యుటిలిటీ బాల్కనీ ఈపాటికి పావురాల సొంతమై ఉంటుంది. కడిగించి నెట్ కట్టించండి. తలుపు చౌకట్లు తట్టి చూడమనండి, చెదలు ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. ఈశాన్యం మూల సామాన్లు తీయించండి, మనవాళ్ళు అక్కడే మొదట చూస్తారు. ఇవన్నీ అయ్యాక లేత రంగు ఒక కోటు చాలు. కిచెన్ జోలికి పోవద్దు, కొన్నవాళ్ళు ఎలాగూ వాళ్ళకి నచ్చినట్టు మార్పించుకుంటారు. పైగా పెయింట్లు, చిన్న రిపేర్లు పన్ను లెక్కలో మీ ఖర్చు కింద రావు. బ్రోకర్‌కి ఇచ్చే కమిషన్ వస్తుంది, రసీదు తీసుకోండి.

అసలు నాకున్న టెన్షన్ అంతా ఈ పన్ను గురించే. కొత్తగా వచ్చిన మీకు ఇది ఇంకా తెలియదు, అందుకే కాస్త విడమరిచి చెబుతున్నాను. మా ఫ్లాట్ కొన్నాయన చాలా పెద్దమనిషి. అయితే మేము ఎన్నారైలమని బ్రోకర్ ఆయనకి చెప్పలేదు. మామూలుగా ఒక శాతం టీడీఎస్ (కొనేవాళ్ళే ధరలోంచి ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటే సరిపోతుందని ఆయన అనుకున్నారు. ఎన్నారై అమ్మితే ఆ లెక్క వేరని రిజిస్ట్రేషన్ ముందు ఆయన ఆడిటర్ చెప్పేసరికి బేరం తప్పేంత పని అయింది. చివరికి మొత్తం రేటు మీద 20 శాతం, దాని పైన సెస్సు వగైరా పట్టుకున్నారు. 60 లక్షల ఫ్లాట్‌కి 12 లక్షల పైమాటే. మాకు వచ్చిన లాభానికి పడే అసలు పన్ను అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగతాది రిటర్న్ వేసి రిఫండ్ వచ్చేదాకా మాది కాదు. ఇక్కడ ఇంటికి క్లోజింగ్ తేదీ, అంటే డబ్బు కట్టి ఇల్లు మా పేరు మీదకి మార్చుకునే రోజు, దగ్గర పడింది. ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం, స్నేహితుల దగ్గర చేబదులు తీసుకున్నాం, ఇల్లు కొన్నాం. రిఫండ్ వచ్చాక అందరికీ తీర్చేశాం. ఎవరి ముందూ తలవంచుకోకుండా బయటపడ్డాం, కానీ ఆ నెలల్లో నిద్ర లేదు. మీకు అది రాకూడదు.

ఇప్పుడు పన్ను రేటు తగ్గింది. కొని రెండేళ్ళు దాటిన ఇంటికి 2024 జులై 23 నుంచి లాభం మీద 12.5 శాతం. మీరు 70 లక్షలకి కొని కోటికి అమ్మితే 30 లక్షల లాభానికి పన్ను 3.75 లక్షలు. కొనేవాళ్ళు మొత్తం కోటి మీద పట్టుకుంటే 12.5 లక్షలు. సర్‌చార్జి, సెస్సు వీటి పైన. ఈ తేడా మీ చేతిలో ఉండాలంటే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి ఆదాయపు పన్ను శాఖకి దరఖాస్తు పెట్టాలి. దానికి సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొన్నప్పుడు కట్టిన స్టాంపు డ్యూటీ రసీదు కావాలి. చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంట్‌లో ఆ గడువు రాయించండి. ఎన్నారై అని కొనేవాళ్ళకి మొదటి ఫోన్‌లోనే చెప్పండి. మీ పాన్ పనిచేస్తోందో లేదో ఇవాళే చూసుకోండి.

కొంత నోట్లలో ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఇంటి బేరంలో 20 వేలు, అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, పైగా ఆ నోట్లని మీరు డాలర్లుగా ఎలా మార్చుకుంటారు? ప్రతి రూపాయీ మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే (ఇండియాలో వచ్చే డబ్బు వేసుకోవడానికి ఎన్నారైలకి ఉండే బ్యాంకు ఖాతా) పడాలి. అక్కడి నుంచి సీఏ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపించుకోవచ్చు. అక్కడున్న మీ అన్నయ్యకో ఇంకెవరికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినా, డబ్బు మాత్రం నేరుగా మీ ఖాతాకే అని అందులో రాయించండి. అనుమానంతో చెప్పే మాట కాదిది. ఆయన ఖాతాలో పడితే రేపు లెక్క చెప్పుకోవాల్సింది ఆయనే. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి.

ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే కాగితం), ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చన్న అనుమతి), ప్రాపర్టీ టాక్స్, కరెంటు బిల్లు, సొసైటీ బకాయి లేదన్న లెటర్ మామూలే, వాటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం కొత్తగా చేరింది. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక చెరువు దగ్గర్లో ఇల్లంటే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు, లోపలా బయటా అని అడుగుతున్నారు. మీ అపార్ట్‌మెంట్ పక్కన చెరువుంటే ఆ మ్యాపు ముందే తీసి పెట్టుకోండి, లేకపోతే అదే వంకతో రేటు తగ్గిస్తారు. ఇక్కడి రిటర్న్‌లో కూడా ఈ అమ్మకం చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ అడగొచ్చు.

ఆషాఢంలో, మూఢంలో ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. శ్రావణానికి పిలుపులు మొదలవుతాయి. ఈలోగా ప్లంబర్‌ని పంపించండి, సేల్ డీడ్ స్కాన్ చేయించి సీఏకి పంపండి. ఆయన వేసిన లెక్క నాకూ ఒకసారి చూపిస్తే, ఎక్కడ ఎంత ఆగుతుందో కూర్చుని చూద్దాం.