సగటు ఆయుష్షు నలభై చుట్టూ ఉన్న కాలంలో పుట్టిన జీన్ కాల్మెంట్ అనే ఫ్రెంచి మహిళ 122 ఏళ్లు ఎలా బతికారు?

సగటు ఆయుర్దాయం అంటే మనిషి బతకగలిగే హద్దు కాదు, అందుకే అది సాధ్యమైంది. పదిమందిలో ముగ్గురు పురిట్లోనే పోయి, మిగతా ఏడుగురూ అరవై దాకా ఉన్నారనుకోండి. సగటు 42కే దిగిపోతుంది. అప్పట్లో ఆ సంఖ్యను అంతగా కిందికి లాగినవి పసిపిల్లల చావులే.

ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో 1875లో పుట్టిన జీన్ కాల్మెంట్ ఆ గండం దాటారు. ఈఫిల్ టవర్ పూర్తయ్యేనాటికి ఆమెకు 14 ఏళ్లు. రెండు ప్రపంచ యుద్ధాలు చూశారు. ఒక్కగానొక్క కూతురూ, మనవడూ, పాపం, ఆమె కళ్లముందే పోయారు. 1997లో కన్నుమూశారు. అంత వయసు మాత్రం అత్యంత అరుదు, ఆ రికార్డు ఇప్పటికీ ఆమెదే.

'ఆ రోజుల్లో నలభైకే ముసలివాళ్లయ్యేవారు' అనుకోవడం పొరపాటు. బాల్యం గట్టెక్కినవాళ్లలో చాలామంది అరవై దాటేవారు.