న్యాయ సలహా: నవల ఏజెంటు చేతికి ఇస్తే హక్కులు పోతాయా?

ప్రశ్న: నేను రిటైరైన ప్రభుత్వ టీచరమ్మను. మాది పరకాల దగ్గరి ఊరు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబాల మీద మన మాటలోనే ఒక నవల రాశాను. మా మేనల్లుడు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. చేర్యాలలో నకాషీ పటాలు (బట్ట మీద కథల బొమ్మలు) వేసే చిత్రకారుడు ఒకాయన లోపలికి 12 బొమ్మలు వేసి ఇచ్చాడు. ఆయనకు కొంత డబ్బు ఇచ్చాను కానీ కాగితం రాసుకోలేదు. ఢిల్లీలో ఒక లిటరరీ ఏజెంటు (రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే మనిషి) మూడు అధ్యాయాలు చదివి, మొత్తం రాతప్రతి, బొమ్మలు పంపమన్నారు. చదివినందుకు 15 వేలు ఫీజు అట. అగ్రిమెంట్ మీద వారంలో సంతకం పెట్టాలట. ఇంట్లోవాళ్ళేమో "కథ కొట్టేస్తారు, పంపకు" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, మీరు జతచేసిన అగ్రిమెంట్ మొత్తం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లోవాళ్ళ భయం కథ దొంగతనం గురించి. ఈ కాగితాలు చదివాక నా భయం మీ సంతకం గురించి. సంతకం పెట్టకండి, డబ్బూ కట్టకండి. నవలకు ఏ ప్రమాదమూ రాలేదు కాబట్టి ముందు కాస్త నిమ్మళంగా ఉండండి.

దొంగతనం మాట ముందు చూద్దాం. మీరు నోటుబుక్కులో వాక్యం రాసిన క్షణానే దాని మీద కాపీరైట్ మీకు వచ్చింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. అయితే కొత్తవాడ నేతవాళ్ళ మీద ఇంకెవరూ రాయకూడదని మీరు అడ్డుకోలేరు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. మీ సన్నివేశాలు, సంభాషణలు, కథ అల్లుకున్న పద్ధతి ఎత్తుకుపోతే మాత్రం అది ఉల్లంఘనే. అప్పుడు మీరు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం మీరు ఉంటున్న చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు.

దానికి కావలసింది రుజువు. పాత నోటుబుక్కులు, కొట్టివేతలున్న కాగితాలు, ఏజెంటుతో నడిచిన మెయిళ్ళు ఏవీ పారేయకండి, డిలీట్ చేయకండి. రేపు మెయిల్ ప్రింట్లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు మెయిల్ ఇన్‌బాక్సులో ఉంటే ఆ పని తేలిక. మనకు మనమే పోస్టులో కవరు పంపుకుని విప్పకుండా దాచుకోవడం చాలామంది రచయితలు చేస్తారు. దాన్ని నమ్ముకోవద్దు. ఖాళీ కవరు పంపుకుని తర్వాత కాగితాలు పెట్టారని అవతలి వకీలు ఒక్క మాటతో కొట్టేస్తాడు. దాని బదులు 500 రూపాయల ఫీజుతో కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. అచ్చుకాని రచనకూ రిజిస్ట్రేషన్ ఇస్తారు. దరఖాస్తుకు గుర్తుగా వెంటనే డైరీ నంబర్ వస్తుంది, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, సర్టిఫికెట్ రావడానికి ఇంకా సమయం పడుతుంది. అవతలివాళ్ళు తప్పని రుజువు చేసేదాకా ఆ రిజిస్టరు కోర్టులో సాక్ష్యంగా నిలుస్తుంది.

ఫీజు విషయం. మన తెలుగులో రచయిత నేరుగా పత్రికకో, ప్రచురణకర్తకో ఇచ్చుకోవడమే అలవాటు కాబట్టి ఏజెంటు ఎలా సంపాదిస్తాడో చాలామందికి తెలియదు. పుస్తకం అమ్ముడై రచయితకు డబ్బు వస్తే అందులో వాటా ఏజెంటుకు పోతుంది. మామూలుగా స్వదేశంలో 15 శాతం, విదేశీ హక్కులకు 20 శాతం. చదివినందుకే డబ్బు తీసుకోకూడదని అమెరికా ఏజెంట్ల సంఘం తన సభ్యులకు నియమం పెట్టింది. మన దేశంలో అలా అడగడం నేరమేమీ కాదు, కానీ ముందే 15 వేలు అందినవాళ్ళకు మీ పుస్తకం అమ్మాలన్న తొందర ఎందుకుంటుంది? ఇప్పటికే కట్టేసి సేవ అందనివాళ్ళు ఈ జవాబు చదువుతుంటే, రెండేళ్ళలోపు తమ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

ఇక అగ్రిమెంట్. నాలుగో క్లాజులో మీరు "అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా" హక్కులన్నీ ఏజెన్సీకి బదిలీ చేస్తున్నట్టు ఉంది. ఏజెంటు మీ తరఫున బేరం చేసే మనిషి, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 182 చెప్పేదీ అదే. మీరు నాకు వకాల్తా ఇస్తే మీ ఇంటి కేసు నేను వాదిస్తాను, ఇల్లు నా పేరున రాయమని అడగను. ఇక్కడ అడుగుతున్నది ఇల్లే.

హక్కుల బదిలీలో గడువు రాయకపోతే 5 ఏళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని, ఏడాదిలోపు హక్కు వాడుకోకపోతే అది మీకు తిరిగి వస్తుందని కాపీరైట్ చట్టం సెక్షన్ 19 మీకు రక్షణ ఇస్తుంది. కానీ అవన్నీ అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోనప్పుడే. ఈ కాగితం తయారుచేసినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే గడువు, ప్రాంతం రెండూ నింపి, ఏడాది నియమం వర్తించదని విడిగా ఒక లైను పెట్టారు. సంతకం పెడితే చట్టం ఇచ్చిన ఆ మూడు రక్షణలూ మీ చేతులతో మీరే వదులుకున్నట్టు.

మీరు ఇవ్వవలసింది ఇంతే: ఇంగ్లీషు అనువాదాన్ని పుస్తకంగా అచ్చువేయించడానికి ప్రచురణకర్తలతో మాట్లాడే అధికారం, ఒక సంవత్సరానికి. తెలుగు మూలం, సినిమా, ఆడియో, ఇతర భారతీయ భాషలు మీ దగ్గరే ఉండాలి. ప్రచురణకర్తతో ఒప్పందం మీద సంతకం మీదే కావాలి. మీ తర్వాతి మూడు పుస్తకాలూ వాళ్ళకే ఇవ్వాలన్న క్లాజు పూర్తిగా తీసేయించండి. డబ్బు ముందు ఏజెన్సీ ఖాతాలోకి వెళ్తుందన్నారు కానీ మీకు ఎప్పుడు ఇస్తారో లేదు. అడిగినప్పుడు లెక్క చూపడం, వసూలైనది తనను నియమించినవారికి ఇవ్వడం కాంట్రాక్ట్ చట్టం ఏజెంటు మీద పెట్టిన బాధ్యతలు. అయినా "అందిన 30 రోజుల్లో" అని రాయించండి.

తొమ్మిదో క్లాజు చదువుతుంటే నాకు కష్టం కలిగింది. "రచన భాషను ప్రామాణికం చేసే" అధికారం అడిగారు, అదీ తెలుగు మూలంతో సహా. మీ నవలలో ముసలి అత్త మగ్గం ముందు కూర్చుని "ఏం జేత్తవ్ బిడ్డా" అంటుంది. దాన్ని ఎవరో "ఏం చేస్తావమ్మా" అని దిద్దితే ఆ మనిషి అక్కడ మిగలదు. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, రచన మీదే అని చెప్పుకునే హక్కు, మీ గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద మీకు ఉంటాయి. తన నవలను సినిమాగా మార్చిన తీరు మీద హిందీ రచయిత్రి మన్నూ భండారీ వేసిన కేసులో 1986లో ఢిల్లీ హైకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. కానీ మార్చుకోవచ్చని ముందే రాసిచ్చి తర్వాత కోర్టుకెళ్తే మీ పని కష్టమవుతుంది. "రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా మార్పులు చేయరాదు" అని పెట్టించండి. దీని మీద మాత్రం రాజీ పడవద్దని నా కోరిక.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పన్నెండో క్లాజు ప్రకారం రచన, అనువాదం, బొమ్మలు అన్నీ పూర్తిగా మీవేనని మీరు హామీ ఇస్తున్నారు. ఎవరైనా అభ్యంతరం చెబితే నష్టం మీరే భరించాలి. అనువాదానికి వేరే కాపీరైట్ ఉంటుంది, అది మీ మేనల్లుడిది. ఇంటి పిల్లవాడే కదా అని వదిలేయకండి. ఇంగ్లీషు పుస్తకంలో అతని వాటా ఎంత, పేరు ఎక్కడ వేయాలి అన్నది రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఆస్తి తగాదాల్లో నేను చూసేదంతా మాట మీద మొదలైన వ్యవహారాలే.

బొమ్మల సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. సెక్షన్ 17(బి) ప్రకారం, ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి కాపీరైట్ యజమాని వేయించుకున్నవారే. ఆ లెక్కన హక్కు మీదే. కానీ మీరు ఇచ్చింది రంగుల ఖర్చా, బొమ్మల వెలా అన్న ప్రశ్న వస్తే మీ దగ్గర సమాధానం లేదు. పైగా హక్కు ఎవరిదైనా, తన పేరు ఉండాలని అడిగే సెక్షన్ 57 హక్కు చిత్రకారుడిది. తరాలుగా ఈ పటాలు వేసినవాళ్ళ పేర్లు మనం ఎక్కడా రాసిపెట్టుకోలేదు. మీ పుస్తకంలోనైనా ఆయన పేరు లోపలి పేజీలో స్పష్టంగా పడాలి.

ఏజెంటుకు ఈలోగా రెండు లైన్ల మెయిల్ చాలు: ఫీజు చెల్లించను, అగ్రిమెంట్‌లో మార్పులు కోరుతున్నాను, అవి తేలాక రాతప్రతి పంపుతాను. వాట్సాప్‌లో "ఓకే, కానివ్వండి" అని మాత్రం పెట్టకండి. ఒకరిని ఏజెంటుగా పెట్టుకున్నట్టు కావడానికి స్టాంపు కాగితమే అక్కర్లేదు, అలాంటి మాటలతోనూ అయిపోతుంది. వారంలో సంతకం పెట్టి తీరాలని ఏ చట్టమూ మిమ్మల్ని బలవంతపెట్టదు. మార్పులు ఒప్పుకోకపోతే వదిలేయండి. రచయితల నుంచి నేరుగా రాతప్రతులు తీసుకునే ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు ఉన్నాయి. అగ్రిమెంట్ దిద్దించడానికి ఖర్చు గురించి వెనకాడకండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. హనుమకొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

వీటన్నిటికన్నా ముందు ఒకసారి చేర్యాల వెళ్ళి రండి. ఎన్ని బొమ్మలు, ఎంత ఇచ్చారు, ఏ పుస్తకం కోసం, అట్ట మీదో క్యాలెండర్ మీదో వాడితే ఇంకెంత ఇస్తారు, అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఒక పేజీలో తెలుగులో రాయండి. ఆయనకు చదివి వినిపించి, ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు చేసి, ఒక ప్రతి ఆయన దగ్గరే ఉంచి రండి.