జపాన్‌కు తొలినాళ్ళలో వెళ్ళిన విదేశీయులు ఆ భాష ఎలా నేర్చుకున్నారు?

చెవినే నమ్ముకుని నేర్చుకున్న ఒకాయన గురించి చెప్తాను. పేరు రానాల్డ్ మెక్‌డొనాల్డ్. తండ్రి స్కాట్లండ్ మనిషి, తల్లి అమెరికా పడమటి తీరంలోని చినూక్ తెగ ఆడపడుచు. ఈయనకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే పోర్చుగీసు పాద్రీ జువావ్ రోడ్రిగెస్ నాగసాకిలో జపనీస్ వ్యాకరణం అచ్చువేయించాడు (1604-1608). కానీ మెక్‌డొనాల్డ్ కాలానికి ఐరోపా వాళ్ళలో డచ్చివాళ్ళకు తప్ప జపాన్‌లో వ్యాపారానికి అనుమతి లేదు.

1848లో తిమింగలాల వేట ఓడ నుంచి చిన్న పడవలో ఒంటరిగా దిగాడు. ప్రమాదంలో కొట్టుకొచ్చినవాడిలా కనబడాలని పడవను తనే బోల్తా కొట్టించాడు. జపాన్ ఉత్తర కొసన ఉన్న రిషిరి దీవిలో ఐనులు (అక్కడి ఆదివాసులు) చేరదీశారు. అధికారులు నాగసాకి తీసుకెళ్ళి ఒక గుడికి చెందిన ఇంట్లో నిర్బంధించారు. డచ్చి భాష వచ్చిన 14 మంది జపాన్ దుబాసీలు అక్కడికే వచ్చి ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నారు. వాళ్ళు చదువుతుంటే ఈయన ఉచ్చారణ దిద్దేవాడు. వాళ్ళ మాటలను ఈయన విన్నవి విన్నట్టు, నాగసాకి యాసతో సహా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. వాళ్ళకు 'ల' పలకదనీ, హల్లుతో ఆగే మాటకు చివర ఒక అచ్చు చేరుస్తారనీ గమనించాడు. 1849 ఏప్రిల్‌లో అమెరికా నౌక వచ్చి తీసుకెళ్ళింది. ఆ శిష్యుల్లో ఒకరైన మొరియామా ఎయినొసుకె 1854లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీతో జరిగిన సంప్రదింపుల్లో దుబాసీగా ఉన్నారు.

ఇదంతా నాకు ఇంత దగ్గరగా అనిపించడానికి కారణముంది. నా పేరు లలిత. ఫుకుఓకా ఆఫీసులో అందరికీ 'రరిత సన్'ని. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒక్కరే దానితో సరిపెట్టుకోలేదు. మధ్యాహ్నం బెంతో (భోజనం) డబ్బా మూత పెట్టేసి, నాలుక కొస పైపళ్ళ వెనక ఆనించి, వేలు పెట్టి చూపిస్తూ "ఇక్కడేనా?" అని అడిగేవారు. మొదటి 'ల' వచ్చేది, రెండోది మళ్ళీ 'ర' అయ్యేది. మూడు వారాలకు పేరంతా పలికి, "యోకా?" అన్నారు. ఫుకుఓకా ఉన్న క్యూషూ దీవి యాసలో బాగుందా అని. నాకు కళ్ళు చెమర్చాయి.

అచ్చు చేర్చడం మనకు కొత్తా? మనం బస్సు అంటాం, వాళ్ళు బసు అంటారు. 'త్సు' అంటే మన చుక్కలోని 'చు'యే. హ్రస్వదీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చినవి కాబట్టి ఒబసన్ (పిన్ని, అత్తయ్య వరస), ఒబాసన్ (బామ్మ) కలిసిపోవు. కష్టమంతా 'సన్' దగ్గరే. మన 'గారు'లా పేరు వెనకే వస్తుంది, కానీ బయటి కంపెనీవాళ్ళతో మాట్లాడేటప్పుడు మన మేనేజరు పేరుకు కూడా చేర్చకూడదు. పెద్దవాళ్ళను ఉత్త పేరుతో అనడానికి నాకు నోరు రాలేదు. ఫోన్‌లో ఎన్నోసార్లు తప్పాను. ఆ పెద్దాయనే పక్కన కూర్చుని, ఆయన పేరును 'సన్' లేకుండా నాచేత పదేపదే అనిపించారు.