టెర్రస్ మీద ఒకే మూల గింజల పెంట: అది మానుపిల్లి పనే

విశాఖ ఎండాడలో మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఎప్పుడూ ఒకే మూలలో గింజలతో నిండిన పెంట కనిపిస్తోంది, అడవి జంతువులకి కూడా బాత్రూం ఇంత పక్కాగా ఉంటుందా అని అడిగారు. ఉంటుందండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది మానుపిల్లి, అంటే చెట్లెక్కి పండ్లు తినే చిన్న అడవి జంతువు. మనవైపు చాలామంది దీన్ని కూడా పునుగుపిల్లి అనే అంటారు.

మాది మధురవాడ, కంబాలకొండ అడవి దగ్గరే. ఎండాకాలంలో మా ట్యాంకు పక్కన ఈత గింజలు, వానలు మొదలయ్యాక నేరేడు గింజలు కనిపిస్తాయి. మానుపిల్లి పండు గుజ్జునే అరిగించుకుంటుంది, గింజ చెక్కుచెదరకుండా బయటికొచ్చేస్తుంది. మా అమ్మ వాటిని కుండీలో వేస్తే నేరేడు మొలిచింది కూడా. అడవికి ఇది చేసే మేలు అదే, తల్లి చెట్టుకి దూరంగా విత్తనం చేరుతుంది. ఇండోనేషియాలో ఇలా బయటికొచ్చిన కాఫీ గింజల్నే ఏరి కోపి లువాక్ పేరుతో అమ్ముతారు. దానికోసం వీటిని బోనుల్లో పెట్టి కాఫీ పండ్లే మేపడం మాత్రం నాకు చాలా బాధగా ఉంటుంది.

బండలు, పడిపోయిన మానులు, మన టెర్రస్‌లు ఇలా బయటికి కనబడే చోట్లే పెంట వేయడానికి మానుపిల్లికి కావాలి. ఆ పెంట పక్కనున్న మానుపిల్లులకి పెట్టే నోటీసు బోర్డు లాంటిది. ఖడ్గమృగాలైతే చాలా కలిసి ఒకే కుప్ప వాడతాయి. ఆఫ్రికా తెల్ల ఖడ్గమృగాల పెంట వాసనలోనే అది ఆడదా మగదా, ఏ వయసుది అన్న సంగతి ఉంటుందని 2017లో పరిశోధకులు చూపించారు. నీటిగుర్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మన జూలో చూసే ఉంటారు, తోక గిరగిరా తిప్పి నాలుగు వైపులా చిమ్మేస్తుంది. ఆస్ట్రేలియా వాంబాట్ పెంటికలు ఘనాకారంలో ఉంటాయి. పేగు గోడ ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉండటమే కారణం.

ఇక మీ టెర్రస్ సంగతి. దయచేసి మందు పెట్టకండి, బోను పెట్టకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఎండిన పెంటని పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, అందుకని బ్లీచింగ్ నీళ్లు చల్లి, గ్లౌజులు వేసుకుని తీయండి. ట్యాంకు మూత బిగించండి. గోడకి ఆనుకున్న కొమ్మలు కొట్టించండి, దాని దారి అదే. అయితే ఏ సందులోనైనా పిల్లలున్నాయేమో ముందు చూసుకోండి. ఉంటే ఏదీ కదపకుండా అటవీశాఖ వాళ్లకి చెప్పండి.